విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు కంప్యూటరు వచ్చినప్పుడు

కొన్నేండ్ల క్రిందట యక్షగానములను గూర్చి ఒక ప్రసంగము సిద్ధపరచవలసి వచ్చి, నేను చదువుకొనిన విశ్వవిద్యాలయపు గ్రంథాలయమునకు వెళ్లితిని. నాకు కావలసిన పుస్తకము అచ్చటనే విద్యార్థి దశలో చూచినది. నీలిరంగు కాలికో అట్ట, వెనుక అరలలో కిటికీ ప్రక్కనున్న బీరువా, పైనుండి రెండవ వరుస, ఇంతవరకు జ్ఞాపకమున్నది. హాలులో అడుగిడగానే కార్డు క్యాటలాగు సొరుగులు కనబడలేదు. వాని స్థానమున నాలుగు కంప్యూటరులు వరుసగా నున్నవి. కౌంటరులోని యువకుడు మర్యాదగా పుస్తకము పేరడిగి, ఆంగ్లాక్షరములలో దానిని కొట్టి చూచి, లేదనెను. నేను ఉన్నదంటిని. అతడు మరి రెండు విధముల వర్ణక్రమము మార్చి చూచెను. యంత్రము మూడుసార్లును లేదనియే చెప్పినది.

ఆ ప్రక్కనే కుర్చీలు సర్దుచున్న ఒక వృద్ధ అటెండరు నన్ను గుర్తుపట్టి, "నీలం అట్ట పుస్తకమేనా బాబూ? ఉండండి" అని లోనికి పోయి, ఐదు నిమిషములలో దుమ్ము దులుపుకొనుచు దానిని తెచ్చి నా చేతిలో పెట్టెను. అతనికి ఉద్యోగ విరమణకు ఇక రెండు నెలలు మాత్రమే యున్నవట.

పుస్తకము వెనుకనున్న సంఖ్యను బట్టి చూడగా, కంప్యూటరులో అది లేకపోలేదు. ఉన్నది. అయితే దాని పేరులోని 'చరిత్రము' అను మాటను ఎక్కించినవారు ఒక విధముగను, వెదకినవారు మరియొక విధముగను వ్రాసిరి. చకారమునకు సీ యను అక్షర మొక్కటి చాలునా, హెచ్ కూడ చేర్చవలెనా? తకారమునకు టీ మాత్రమేనా, టీహెచ్ వలెనా? చివరి మువర్ణకము నుంచవలెనా, సున్నతో ముగించవలెనా? ఈ మూడు సందేహములకు రెండేసి సమాధానము లున్నయెడల ఒక్క మాటకు ఎనిమిది రూపము లగును. ఏడు రూపములతో వెదకినవానికి పుస్తకము దొరకదు. బీరువాలో పుస్తకము, యంత్రములో దాని వివరము, ఎదుట పాఠకుడు, మూడును ఉండియు ఒకదానికొకటి అందకపోయినవి. గ్రంథాలయములలో కంప్యూటరులను ప్రవేశపెట్టు పని ఎట్లు జరుగవలెనో ఆలోచించుటకు నాకు ప్రేరణ ఆనాటి అనుభవమే.

ఈ పనిని గ్రంథాలయ ఆటోమేషను అందురు. దీని యర్థము కంప్యూటరులు కొనుట కాదు. ఒక పుస్తకము కొన్నప్పుడు పూర్వపు పద్ధతిలో గుమాస్తా దాని వివరములను ఎన్ని తావుల వ్రాయవలసి యుండెనో చూడుడు. ఆర్డరు పుస్తకములో ఒకసారి. యాక్సెషను రిజిస్టరులో ఒకసారి. గ్రంథకర్త పేరిట ఒక కార్డు, గ్రంథనామము పేరిట ఒక కార్డు, విషయము పేరిట ఒకటో రెండో కార్డులు. అరల క్రమము ననుసరించు షెల్ఫ్‌లిస్టులో ఒక కార్డు. ఎరువిచ్చునప్పటికై పుస్తకపు జేబులో మరియొక కార్డు. అనగా ఒకే వివరము ఏడెనిమిది మారులు చేతితో వ్రాయబడుచుండెను. ఆటోమేషనులో ఆ వివరమును ఒక్కసారి సరిగా వ్రాసి, కొనుగోలు, సూచి, ఎరువు, పత్రికల లెక్క, సంవత్సరాంతపు తనిఖీ అన్నింటికిని దానినే వాడుకొందురు. సౌకర్య మంతయు ఇందే కలదు. అపాయము కూడ ఇందే కలదు. ఏడు కార్డులలో ఒకటి తప్పయినచో తక్కిన ఆరు పుస్తకమును చూపగలవు. ఉన్న ఒక్క వివరమే తప్పయినచో చూపునది వేరొకటి లేదు.

ఈ ప్రయత్నము మనము తలచునంత క్రొత్తది కాదు. 1936లోనే అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయమున రాల్ఫ్ పార్కరు అను గ్రంథాలయాధికారి, రంధ్రములు పొడిచిన కార్డులను లెక్కించు యంత్రములతో పుస్తకముల ఎరువును నడిపెను. అసలు మార్గమును వేసినది మాత్రము వాషింగ్టనులోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసున పనిచేసిన హెన్రియెట్ ఏవ్రమ్ అను విదుషి. ఆమె గ్రంథాలయశాస్త్రము చదివి వచ్చినది కాదు. కంప్యూటరులకు ఆదేశములు వ్రాయు వృత్తి నుండి వచ్చినది. క్యాటలాగు కార్డు మీది ప్రతి అంశమునకును యంత్రము గుర్తింపగల యొక సంఖ్య నిచ్చు మార్క్ పద్ధతి ఆమె నాయకత్వమున రూపొందినది. 1966లో 16 గ్రంథాలయములతో దాని ప్రయోగము ప్రారంభమైనది. ఈ పద్ధతిలో గ్రంథకర్త పేరు 100వ సంఖ్య క్రింద, గ్రంథనామము 245వ సంఖ్య క్రింద, విషయము 650వ సంఖ్య క్రింద వ్రాయబడును. కార్డు చూచిన మనుష్యునకు ఏది పేరో ఏది ఊరో తెలియును. యంత్రమునకు తెలియదు గనుక ఈ సంఖ్యలు కావలసి వచ్చినవి. అందరును ఒకే సంఖ్యలను వాడుటచే ఒకచోట వ్రాసిన వివరమును వేరొకచోట యథాతథముగా తెచ్చుకొనుట సాధ్యమైనది. 1971 ఆగష్టు 26వ తేదీన ఒహాయో విశ్వవిద్యాలయపు గ్రంథాలయము దూరముననున్న కంప్యూటరుతో తంత్రీ సంబంధము పెట్టుకొని, ఆ యొక్క దినముననే 133 పుస్తకములకు సూచి సిద్ధపరచినది. ఆ ఏర్పాటు చేసిన ఓసీఎల్‌సీ సంస్థ గ్రంథాలయములకు అచ్చు కార్డులను కూడ పంపుచుండెను. చివరి కార్డులు 2015 అక్టోబరు 1వ తేదీన అచ్చయినవి.

మన దేశమున గ్రంథాలయశాస్త్రమునకు పునాది వేసిన రంగనాథన్ గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయమున గ్రంథాలయాధికారియైరి. 1931లో ప్రకటించిన ఆయన పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును వృథా చేయరాదను విషయమునకు సంబంధించినది. ఆటోమేషనును సమర్థించువారు మొదట దీనినే చెప్పుదురు, అది న్యాయమే. ఆంధ్ర విశ్వవిద్యాలయమున కూడ 1935లోనే ఈ శాస్త్రబోధన ఆరంభమైనది. శాస్త్రమునకు లోపము లేకున్నను యంత్రములు మనకు ఆలస్యముగా వచ్చినవి. యునెస్కో వారు 1985లో చిన్న కంప్యూటరులకై విడుదల చేసిన సీడీఎస్-ఐసిస్ అను సాఫ్ట్‌వేరు మన గ్రంథాలయములలో పెక్కింటికి తొలి గురువు. 1991లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఇన్‌ఫ్లిబ్‌నెట్ అను కార్యక్రమమును ప్రారంభించినది. 1996లో అది స్వతంత్ర సంస్థయైనది. వారు విశ్వవిద్యాలయముల కొరకే తయారుచేసిన సోల్ అను సాఫ్ట్‌వేరు 2000లో వెలువడినది. 2009లో వచ్చిన దాని రెండవ రూపము భారతీయ లిపులకు తావిచ్చినది. ఈ రెండింటికిని తోడు, కోహా అను నది న్యూజీలాండులోని హోరోవెనువా అను ప్రాంతపు ప్రజా గ్రంథాలయము కొరకు పుట్టి, 2000 జనవరి 3వ తేదీన పనికి దిగినది. కోహా యనగా మావోరీ భాషలో కానుక. ఎవరైనను దానిని ఉచితముగా తీసికొని వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును. అయితే ఉచితమనగా ఖర్చు లేనిదని కొందరు పాలకవర్గపు పెద్దలు భ్రమపడుదురు. దానిని నడుపగల మనుష్యుని జీతము ఉచితము కాదు.

ఇక ప్రణాళిక. సాధారణముగా జరుగునది ఏమన, మార్చి నెలాఖరులోగా ఖర్చు పెట్టవలసిన నిధి యొకటి వచ్చును. త్వరత్వరగా కంప్యూటరులు కొందురు. పిదప వానితో ఏమి చేయవలెనో ఆలోచింతురు. క్రమము దీనికి సరిగా విపర్యయముగా నుండవలెను. మొట్టమొదట చేయవలసినది పుస్తకముల లెక్క. రిజిస్టరులో నున్నవెన్ని, అరలలో నున్నవెన్ని, చెదలు తిన్నవెన్ని, ఆచార్యుల యిండ్లలో ఏండ్ల తరబడి నిలిచినవెన్ని? లేని పుస్తకమునకు కంప్యూటరులో వివరము వ్రాయుట వలన లేమి మరింత గట్టిపడును తప్ప లాభము లేదు. రెండవది, ఏ సాఫ్ట్‌వేరు తీసికొన్నను, ఒడంబడిక మీద సంతకము చేయు దినముననే, దానిని విడిచిపోవునప్పుడు మన వివరములన్నియు మార్క్ రూపమున మన చేతికి వచ్చునా యని అడుగవలెను. సాఫ్ట్‌వేరులు పది పదునైదేండ్లకు మారును. అమ్మినవారు దుకాణము కట్టివేయుటయు కలదు. పుస్తకముల వివరములు మాత్రము గ్రంథాలయమున్నంత కాలము నిలువవలసినవి. మూడవది, ప్రతిదినము వివరములకు నకలు తీసి, ఒక నకలును వేరొక భవనములో నుంచవలెను. సర్వరును, దాని నకలును ఒకే బీరువాలో నుంచి తాళము వేయు జాగ్రత్తపరులను నేనెరుగుదును.

ఇవన్నియు ఒక యెత్తు. పాత పుస్తకముల వివరములను ఎక్కించుట ఒక యెత్తు. ఒక లెక్క వేసి చూతము. రెండు లక్షల పుస్తకములున్న గ్రంథాలయమనుకొందము. పుస్తకమును చేతబట్టుకొని, శ్రద్ధగా చూచి వివరములు వ్రాయువాడు దినమునకు నలుబది చేయుననుకొందము. ఐదుగురు పనిచేసిన దినమునకు రెండు వందలు. రెండు లక్షలకు వేయి పనిదినములు, అనగా సెలవులు పోను నాలుగేండ్లు. సగము పుస్తకములకు ఇతర గ్రంథాలయములు వ్రాసియుంచిన వివరములు దొరికి, ఆ సగము మూడు రెట్లు వేగముగా సాగినను, రెండేండ్ల ఎనిమిది నెలలు పట్టును. ఇంత ఓపిక లేక, వివరమునకు ఇంత యని కూలి మాట్లాడి గుత్తకిత్తురు. వివరమునకు కూలి ఇచ్చినచోట పనివానికి లాభము వేగమునందే గాని శ్రద్ధయందు లేదు. అది వాని తప్పు కాదు. ప్రతి నూరు వివరములకును ఐదారింటిని తీసి పుస్తకముతో సరిచూచి, తప్పులున్న కట్టను త్రిప్పి పంపు ఏర్పాటు ఒడంబడికలోనే యుండవలెను.

ఇచ్చట తెలుగు పుస్తకముల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఇతరుల వివరములను తెచ్చుకొనుటకు సులభమైన మార్గము ఐఎస్‌బీఎన్ సంఖ్య. అది అంతర్జాతీయ ప్రమాణమైనది 1970లో. అంతకు పూర్వపు పుస్తకములకు ఆ సంఖ్య యుండదు. తరువాతి కాలమున కూడ రచయితలు తామే అచ్చు వేయించుకొనిన తెలుగు పుస్తకములలో ఎన్నింటికో లేదు. కావున పని మొదలుపెట్టినవారు ముందుగా ఆంగ్ల గ్రంథములను తీసికొందురు. ఆ పిమ్మట, తరచుగా ఎరువుపోవు పాఠ్యగ్రంథములను కౌంటరుకు వచ్చినప్పుడెల్ల ఎక్కింతురు. ఈ రెండును వివేకమైన పద్ధతులే. కాని దీని ఫలితముగా ఎవరును అడుగని పాత తెలుగు పుస్తకముల వంతు చిట్టచివరకు వచ్చును. అప్పటికి నిధి అయిపోవును, కాలము మించిపోవును, తెలుగు తెలిసిన పనివారు పని మానుకొని పోయియుందురు. ఎవరును వీనిపై ద్వేషము వహింపలేదు. పని వరుసయే వీనిని వెనుకకు నెట్టినది.

వినోదమేమన, ఇట్టి పుస్తకములలో కొన్నింటికి మంచి వివరములు అమెరికాలో దొరకును. భారతదేశమునకు అమ్మిన గోధుమల వెలగా చేరిన రూపాయలతో, పీఎల్ 480 అను చట్టము ననుసరించి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు వారు 1962 నుండి ఢిల్లీలో ఒక కార్యాలయము పెట్టి మన భాషల పుస్తకములను కొని తమ దేశపు విశ్వవిద్యాలయములకు పంపిరి. ఆ వివరములు రోమను లిపిలో, అక్షరముల పైనను క్రిందను గుర్తులతో, కట్టుదిట్టమైన నియమముల ననుసరించి యుండును. వారి నియమము ప్రకారము చకారము సీ యక్షర మొక్కటే. హెచ్ చేర్చిన అది ఛకారమగును. నియమము మంచిదే. అయితే మన విద్యార్థి ఎవడును ఆ నియమమును చదివి వచ్చి వెదకడు. తన పేరును తాను వ్రాసికొను తీరుననే వెదకును.

కనుక తెలుగు పుస్తకమును తెలుగు లిపిలోనే ఎక్కించుట తప్ప గత్యంతరము లేదు. దీనికి సాంకేతికముగా అడ్డంకి ఏనాడో తొలగినది. 1991లో వెలువడిన యూనికోడు తొలిరూపముననే తెలుగు లిపికి స్థానము కలదు. మార్క్ పద్ధతిలో 880వ సంఖ్య, ఇతర లిపిలోని రూపమును రోమను రూపముతో జంటగా నుంచుటకే యేర్పడినది. రెండు రూపములును ఉన్నయెడల ఎట్లు వెదకినను పుస్తకము దొరకును. కాని యూనికోడు వాడుకలోనికి వచ్చుటకు ముందు కొన్నిచోట్ల అచ్చు పనికై తయారైన ఫాంటులతో తెలుగు ఎక్కించిరి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో అది తెలుగు. లేనిదానిలో అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు. అట్టివానిని మార్చుటకు సాధనములున్నవి గాని, మార్చిన పిదప మనుష్యుడొకడు చదివి దిద్దవలసినదే.

లిపి కుదిరినంత మాత్రమున చిక్కు తీరదు. అచ్చులో 'సంగీతము' అని యున్న పేరును ఎక్కించువాడు నేటి వాడుక చొప్పున 'సంగీతం' అని వ్రాసిన, యంత్రమునకు ఆ రెండును వేరు మాటలు. ఱకారమున్నచోట రకారము వ్రాయుదురు. అరసున్నను కొందరుంతురు, కొందరు విడుతురు. పుస్తకమున నున్నదానిని ఉన్నట్లు వ్రాసి, వాడుక రూపమును వేరొక శీర్షికగా చేర్చుట ఒక్కటే మందు. పేరుల చిక్కు ఇంతకంటె పెద్దది. ఆంగ్లేయులకు ఇంటిపేరు చివర వచ్చును; మనకు ముందు వచ్చును. విశ్వనాథ సత్యనారాయణ గారిలో ఇంటిపేరు విశ్వనాథ. తెలియని గుమాస్తా ఒకడు దానిని ఇంటిపేరుగను, వేరొకడు సత్యనారాయణను ఇంటిపేరుగను తీసికొన్నచో, ఒకే కవి సూచిలో ఇద్దరగును. కలంపేరు సంగతి చెప్పనక్కరలేదు. ఆరుద్ర అనినను భాగవతుల సదాశివశంకరశాస్త్రి అనినను ఒకరే యని యంత్రమునకు ఎవరైన చెప్పవలెను గదా! ఇట్టి పేరుల పట్టికను అథారిటీ ఫైలు అందురు. ఒక పేరును ప్రధానముగా నిర్ణయించి, తక్కిన రూపములను దానికి ముడివేయుదురు. తెలుగు విశ్వవిద్యాలయములన్నియు కలిసి ఇట్టి పట్టికను ఒక్కసారి తయారుచేసికొనిన, ప్రతివారును మొదటినుండి తంటాలు పడు పని తప్పును. యంత్రములపై పెట్టు వ్యయములో పదవ వంతు దీనిపై పెట్టినను మిక్కిలి ప్రయోజనముండునని నా యభిప్రాయము.

బార్‌కోడు చీటీలు అంటించుట, ఎరువుల కౌంటరును మార్చుట సులభమైన పనులు. బార్‌కోడు గీతలలో పుస్తకమును గూర్చిన సమాచార మేమియు లేదు. సాధారణముగా యాక్సెషను సంఖ్య మాత్రమే యుండును. వేసవి సెలవులలో మార్పు చేసి, కొన్ని వారములు పాత రిజిస్టరును కూడ నడిపి, రెండింటిని సరిచూచుకొనిన చాలును. సిబ్బంది భయము మాత్రము తేలికగా తీసికొనరానిది. ఇరువదియేండ్లు కార్డులు వ్రాసినవానికి, యంత్రము వచ్చినది, నీవిక అక్కరలేదన్నట్లు కనబడుట సహజము. అతనిని ముందే కూర్చుండబెట్టుకొని సలహా అడుగనిచోట్ల ఆటోమేషను కుంటుచు నడచుట కలదు.

నా పుస్తకము కథకు తిరిగి వత్తును. ఆనాడు గ్రంథాలయాధికారిణిగారు గదిలోనికి పిలిచి, జరిగినదంతయు విని నొచ్చుకొనిరి. పాత కార్డులేమైనవని అడిగితిని. వృద్ధ అటెండరే సమాధానము చెప్పెను: "మెట్లకింద గోనెసంచుల్లో ఉన్నాయమ్మా. చిత్తుకాగితాల వాడికి వేస్తామంటే నేనే ఆపాను." ఆమె వెంటనే తెప్పించిరి. గంటసేపు వెదకగా ఆ పుస్తకపు కార్డు దొరికినది. ముందువైపు టైపు చేసిన పేరు. వెనుకవైపు ఎవరో పూర్వపు ఉద్యోగి ముత్యములవంటి అక్షరములతో, సంపుటములో నున్న ఐదు యక్షగానముల పేరులను, వాని కర్తల పేరులను వ్రాసియుంచెను. అందు మూడవదాని కర్త వేరొకరని ముఖపత్రము మీద లేదు. కార్డు మీద నున్నది. గుత్తపనివారు కార్డు ముందువైపు మాత్రమే చూచి ఎక్కించిరి.

ఇట్టి విషయసూచికకు మార్క్‌లో 505వ సంఖ్య కలదు. ఆమె తానే కంప్యూటరు ముందు కూర్చుండి, ఐదు పేరులను తెలుగు లిపిలో ఎక్కించిరి. వెనుక వ్రాతలున్న కార్డులు ఇంకను ఉన్నవా యని అటెండరును అడిగిరి. తెలుగు విభాగపు కార్డులలో చాలవరకు అట్లే యుండునని అతడనెను. మరునాటినుండి ఉదయము రెండు గంటలు అతనిని కౌంటరు యువకుని ప్రక్కన కూర్చుండబెట్టి, ఒక్కొక్క సంచి విప్పి చూడుడని ఆమె ఉత్తరువు వ్రాసిరి. నేను వచ్చునప్పటికి ఆ యిరువురును మొదటి సంచి మూతికట్టు విప్పుచుండిరి.